నేర్చుకునే చేతికే మంచి సోల్డరింగ్ ఐరన్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పిల్లల ఎలక్ట్రానిక్స్ గురించి వచ్చిన వ్యాసం మా మనవరాలు నాకు చదివి వినిపించింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎల్ఈడీ ఆరి వెలిగే సర్క్యూట్ ను, దాన్ని నడిపే 555 టైమర్ ఐసీ (చిప్) లోపల జరిగే పనిని అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పారు. అలాంటి వ్యాసాలు ఇంకా రావాలి. కానీ పనిముట్ల గురించి రాసిన ఒక పేరా మాత్రం చాలామంది పిల్లల్ని మొదటి వారంలోనే ఈ పని మానేసేలా చేస్తుంది. అందుకే ఈ ఉత్తరం.

'సోల్డరింగ్ ఐరన్ ఏదైనా ఒకటే. మొదట చవక కిట్ కొనుక్కోండి, చెయ్యి తిరిగాక మంచిది కొనవచ్చు. వాట్లు ఎక్కువుంటే సోల్డర్ త్వరగా కరుగుతుంది' అని అందులో ఉంది. నేను కంట్రోల్ బోర్డులు తయారుచేసే ఒక యూనిట్లో ఇరవై మూడేళ్లు చేత్తో సోల్డరింగ్ చేశాను, అంటే కాగిన ఐరన్ తో సోల్డర్ అనే లోహం కరిగించి భాగాల కాళ్లను బోర్డు మీది రాగికి అతికే పని. చివరి తొమ్మిదేళ్లు కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పాను. ఆ మూడు వాక్యాల్లో ఒక్కటి కూడా నిజం కాదని అనుభవం మీద చెబుతున్నాను.

మీ వ్యాసం చదివాక మా పిల్ల వాళ్ల నాన్నను అడిగి అలాంటి కిట్టే తెప్పించుకుంది. పెట్టెలో అరవై వాట్ల ఐరన్, దానికి సూదిలాంటి టిప్ (కాగే కొన), పేరూ ఊరూ లేని సోల్డర్ వైరు చుట్ట, చిన్న డబ్బాలో పసుపుపచ్చ పేస్టు, రేకు ముక్క వంచి చేసిన స్టాండు. మూడు సాయంత్రాలు తంటాలు పడింది. నేను కల్పించుకోకూడదని దూరంగానే ఉన్నాను. మూడో రోజు బోర్డు బల్ల మీద పడేసి, 'నా వల్ల కాదు అమ్మమ్మా, నా చెయ్యి వణుకుతోంది' అంది.

చెయ్యి చూశాను, ఏమీ వణకడం లేదు. ఐరన్ తీసుకుని టిప్ కు సోల్డర్ తగిలించాను. తామరాకు మీద నీటిబొట్టులా ఉండకట్టి జారి కింద పడింది. టిప్ కొన నల్లగా మాడిపోయి ఉంది. అలా మాడిన పొరకు సోల్డర్ అంటదు. సోల్డర్ అంటని టిప్ లోంచి వేడి కూడా బయటికి సరిగ్గా రాదు. పాపం, పిల్ల ఏం చేస్తుంది? కరగడం లేదని ఇంకా గట్టిగా నొక్కింది, ఇంకాసేపు పట్టుకుంది. ఐసీ సాకెట్ నాలుగో కాలు దగ్గర ప్యాడ్, అంటే కాలు అతికే రాగి బిళ్ల, దాన్ని కలిపే రాగి గీత అయిన ట్రాక్ తో సహా బోర్డు నుంచి లేచిపోయింది. బోర్డుకు రాగి రేకును పట్టి ఉంచేది జిగురే కదా, ఆ వేడి అంతసేపు తగిలితే ఆ పట్టు వదిలేస్తుంది.

మర్నాడు ఆ టిప్ ను ఎలాగో శుభ్రం చేసి, దాని మీద సోల్డర్ బొట్టు నిలబెట్టి, అందులో మీటరుకుండే వేడి కొలిచే తీగ, థర్మోకపుల్, ముంచి చూశాను. నాలుగు వందల అరవై డిగ్రీలు చూపించింది. ఈ పనికి కావలసింది మూడు వందల ఇరవైకీ మూడు వందల డెబ్భైకీ మధ్య. లోహం మీది మురికి పొర తీసి సోల్డర్ అంటేలా చేసేది ఫ్లక్స్. నాలుగు వందల అరవైలో అది తన పని చేసేలోపే మాడి బొగ్గవుతుంది, టిప్ నిమిషాల్లో నల్లబడుతుంది. తప్పు పిల్లది కాదు. పెట్టెలోంచి తీసిన క్షణం నుంచీ ఆ ఐరన్ దానికి అడ్డంపడుతూనే ఉంది.

ముందు వాట్ల సంగతి. వాట్లు, వేడిమి ఒకటే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. టిప్ ఎంత వేడిగా ఉందన్నది డిగ్రీల్లో చెప్పే మాట. పోయిన వేడిని ఎంత వేగంగా తిరిగి నింపుకోగలదన్నది వాట్లలో చెప్పే మాట. రెసిస్టర్ కాలు లాంటి సన్నని చోట ఏ ఐరనైనా పనిచేస్తుంది. అదే కాలు బోర్డులో వెడల్పాటి గ్రౌండు రాగికి తగిలి ఉంటే, ఆ రాగి వేడినంతా పీల్చేస్తుంది. ఇరవై అయిదు వాట్ల మామూలు ఐరన్ అక్కడ చల్లబడిపోతుంది. కంట్రోల్ లేని అరవై వాట్ల ఐరన్ అక్కడ పనిచేస్తుంది కానీ, ఖాళీగా ఉన్నంతసేపూ అదుపు లేకుండా కాగుతూనే ఉంటుంది. కావలసింది రెండూ: అరవై, డెబ్భై వాట్ల శక్తి, దాన్ని మనం పెట్టిన డిగ్రీ దగ్గర నిలబెట్టే కంట్రోలు. టెంపరేచర్ కంట్రోల్ ఉన్న స్టేషన్ అంటే అదే.

మా యూనిట్లో మొదట ఉన్నవి వెల్లర్ కంపెనీ ఐరన్లు. వాటికి తిప్పే నాబ్ ఉండదు. టిప్ వెనకవైపు ఒక ప్రత్యేకమైన లోహపు ముక్క ఉంటుంది. టిప్ చల్లగా ఉన్నప్పుడు లోపలి అయస్కాంతాన్ని అది పట్టుకుంటుంది, స్విచ్ ఆన్ అవుతుంది. ఒక వేడి దాటగానే ఆ ముక్క అయస్కాంత గుణం కోల్పోతుంది, స్విచ్ ఆఫ్ అవుతుంది. టిప్ వెనక 7 అని ఉంటే ఏడు వందల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మూడు వందల డెబ్భై సెల్సియస్. పని చేస్తున్నంతసేపూ పిడిలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. పెద్ద రాగి భాగం మీద పెడితే ఆ టిక్కులు దగ్గరదగ్గరగా పడేవి. బోర్డు ఎంత వేడి తాగుతోందో ఆ చప్పుడు వినే చెప్పేవాళ్లం. ఇప్పటి డిజిటల్ స్టేషన్లలో ఆ చప్పుడు లేదు గానీ చేసే పని అదే.

ఈ మధ్య యూఎస్‌బీ సీ వైరుతో నడిచే పెన్ను లాంటి ఐరన్లు వచ్చాయి. హీటరు, సెన్సరు టిప్ లోపలే ఉండటంవల్ల పోయిన వేడి వెంటనే తిరిగి వస్తుంది. అవి మంచివే. కానీ మామూలు ఫోన్ చార్జర్ కు తగిలించి 'కాగడం లేదు' అంటే లాభం లేదు, అరవై వాట్లకు తగ్గకుండా ఇచ్చే పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ కావాలి.

టిప్ విషయంలో అందరూ సూదిమొన వైపే చెయ్యి చాస్తారు. పని చిన్నది కాబట్టి కొన కూడా సన్నగా ఉండాలనుకుంటారు. నేను నేర్పిన పిల్లలందరిదీ మొదటిరోజు అదే ఆలోచన. సూదిమొన తాకే చోటు గుండుసూది తలంత కూడా ఉండదు, అంత ఇరుకు దారిలో వేడి ఎంతని పోతుంది? ఉలి ఆకారంలో ఉండే చిజెల్ టిప్, రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పుది పెట్టించేదాన్ని. దాని చదునైన ముఖం ప్యాడ్ నూ, కాలునూ ఒకేసారి తాకుతుంది. సన్నని చోట దాని మూల వాడుకోవచ్చు. హాబీ పనిలో పదింట తొమ్మిది జాయింట్లు ఆ ఒక్క టిప్ తోనే అయిపోతాయి. డజన్ల కొద్దీ టిప్ లు ఇస్తున్నామని చెప్పే కిట్లలో నిజంగా వాడేది ఒకటి, రెండు.

ఇంకో ముఖ్యమైన విషయం, టిప్ కు ఆకురాయి తగిలించకండి. పాత రోజుల్లో బిట్టు అంటే వట్టి రాగి కడ్డీ. తగరం రాగిని కొద్దికొద్దిగా కరిగించుకుని తినేస్తుంది, కొన గుంటలు పడేది, ఆకురాయితో రాసి మళ్లీ మొన తీసేవాళ్లు. ఆ అరుగుదల తగ్గించడానికి సోల్డర్ లోనే కాస్త రాగి కలిపిన రకాలు కూడా వచ్చాయి. ఇప్పటి టిప్ అలా కాదు. లోపల రాగి, పైన పలుచని ఇనుప పూత. ఆ పూతే దాని ప్రాణం. ఆకురాయితోనో, గరుకు కాగితంతోనో ఆ పూత గీకేస్తే కింది రాగి బయటపడి కొద్దిరోజుల్లోనే టిప్ కు గొయ్యి పడుతుంది. నల్లబడితే ఇత్తడి పీచులో గుచ్చి తీయాలి, వెంటనే సోల్డర్ పూయాలి. స్పాంజి వాడితే నీళ్లు కారేలా కాకుండా పిండేసి తడిగా ఉంచాలి. ఆపేసే ముందు మాత్రం టిప్ తుడవకూడదు, కొన మీద సోల్డర్ బొట్టు అలాగే ఉంచి ఆపాలి. ఆ బొట్టు కప్పి ఉంచితే ఇనుముకు గాలి తగలదు. ఈ ఒక్క అలవాటుతో ఒకే టిప్ ఏళ్ల తరబడి వాడినవాళ్లు నాకు తెలుసు.

సోల్డర్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ వ్యాసంలో 'సోల్డర్ వైరు ఒక చుట్ట' అని మాత్రమే ఉంది.

మా పిల్ల కిట్ లో వచ్చిన చుట్ట మీద ఏ లోహం ఎంత పాళ్లో రాయలేదు. ఒక బొట్టు కరిగించి, ఐరన్ తీసేసి, కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. బొట్టు గట్టిపడటానికి ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు పట్టింది. ఆ కాసేపూ అటు నీరూ కాకుండా ఇటు రాయీ కాకుండా తడి ఇసుకలా ఉంది, చివరికి బూడిదరంగులో గరుకుగా తేలింది. తగరం అరవై మూడు పాళ్లు, సీసం ముప్పై ఏడు పాళ్లు ఉన్న సోల్డర్ అలా ఉండదు. నూట ఎనభై మూడు డిగ్రీల దగ్గర కరుగుతుంది, సరిగ్గా అక్కడే గడ్డకడుతుంది. నిగనిగలాడే బొట్టు చూస్తుండగానే చటుక్కున బిగుసుకుంటుంది. తగరం అరవై, సీసం నలభై ఉన్న రకంలో ఈ మధ్యస్థితి కొద్ది డిగ్రీలు మాత్రమే. కానీ సీసం ఎక్కువై తగరం నలభైకి పడిపోయిందంటే, నూట ఎనభై మూడు నుంచి రెండు వందల ముప్పై ఎనిమిది దాకా ఆ ముద్దలాంటి స్థితే. అప్పుడు కాలు వెంట్రుకవాసి కదిలినా లోపల పగులు వస్తుంది. మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దాన్నే. ఇవాళ వెలుగుతుంది, రేపు తట్టితే వెలుగుతుంది, ఎల్లుండి తట్టినా వెలగదు. తగరం ఖరీదైనది, సీసం చవక, కాబట్టి పేరులేని చుట్టలో పాళ్లు ఎటు మొగ్గుతాయో వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లల చేతికి సీసం ఇవ్వాలా అన్న ప్రశ్న మీ వ్యాసం ఎత్తనే లేదు. పైగా 'సీసం పొగ పీల్చకుండా మాస్కు కట్టుకోండి' అని రాశారు. ఆ పొగ సీసానిది కాదు. సీసం మరగాలంటే పదిహేడు వందల డిగ్రీలు దాటాలి, మన ఐరన్ వేడికి అది ఆవిరయ్యేది లెక్కలోకి రానంత తక్కువ. పొగ ఫ్లక్స్ ది, అంటే వైరు మధ్యలో ఉండే రోజిన్ ది, పైన్ చెట్ల బంక నుంచి తీసేది. అదీ మంచిది కాదు, ఏళ్ల తరబడి పీల్చినవాళ్లకు ఉబ్బసం రావచ్చు. మా వరుసలో ఒకావిడ ఆ కారణంగానే పని మార్చుకుంది. తల నేరుగా బోర్డు మీదికి వంచకుండా పక్కగా కూర్చోవాలి, పొగను ముఖం నుంచి అవతలికి లాగేలా చిన్న ఫ్యాను పెట్టుకోవాలి. గాలి జాయింటు మీదికి కొట్టకూడదు, చల్లబడిపోతుంది. మామూలు గుడ్డ మాస్కు ఆ పొగను ఆపదు.

సీసం లోపలికి వెళ్లేది వేళ్ల నుంచి నోటికి. వైరు పట్టుకున్న వేళ్లతో ఏదైనా తినడం, మూడో చెయ్యి లేదని వైరు పళ్లమధ్య పెట్టుకోవడం. ఈ రెండోది పెద్దవాళ్లు చేయడం కూడా చూశాను, చూసిన ప్రతిసారీ కోప్పడ్డాను. పిల్లల రక్తంలో ఫలానా మోతాదు వరకు సీసం ఉన్నా ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే మా మనవరాలికి నేను సీసం లేనిదే ఇచ్చాను. యూరప్ లో 2006 జూలై 1 నుంచి చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసం వాడకాన్ని కట్టడి చేసినప్పుడు మా యూనిట్ కూడా ఎగుమతి బోర్డులకు దానికే మారింది. మొదట్లో అందరం విసుక్కున్నాం. తగరం, వెండి, రాగి కలిసిన రకం రెండు వందల పదిహేడు దాటితే గానీ కరగదు, జాయింటు కూడా కాస్త మసకగానే ఉంటుంది. మెరవడం లేదని మళ్లీ మళ్లీ కాల్చి ప్యాడ్లు పోగొట్టినవాళ్లున్నారు. అది దాని సహజమైన రంగు అని అలవాటు పడటానికి నెల పట్టింది.

మా పిల్లకు ఇచ్చింది వెండి లేనిది, తగరం తొంభై తొమ్మిది పాయింట్ మూడు, రాగి సున్నా పాయింట్ ఏడు. రెండు వందల ఇరవై ఏడు డిగ్రీల దగ్గర ఇది కూడా చటుక్కున గట్టిపడే రకమే, కొత్త చేతికి ఆ గుణం మేలు చేస్తుంది. వైరు మందం సున్నా పాయింట్ ఎనిమిది మిల్లీమీటర్లు, మధ్యలో రోజిన్ ఉన్నది. స్టేషన్ మూడు వందల అరవైలో పెట్టాను. మంచి ఐరన్ ఉంటే సీసం లేని సోల్డర్ తోనూ పిల్లలు నేర్చుకోగలరు. పిచ్చి ఐరన్ తో అయితే సీసం ఉన్నదే గతి అవుతుంది, అదీ సరిగ్గా అంటదు. పెద్దవాళ్లు తమ సొంత పనికి అరవై మూడు, ముప్పై ఏడు వాడుకుంటే నేను తప్పుపట్టను, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ బల్ల మీద తినకూడదు.

కిట్ లో వచ్చిన పసుపుపచ్చ పేస్టును మాత్రం పారేయించాను. ఏ రకమో రాయని పేస్టును బోర్డు దగ్గరికి రానివ్వకూడదు. పాత్రలకు మాటు వేసేవాళ్లు, రేకు పనివాళ్లు వాడే ఫ్లక్స్ లో జింక్ క్లోరైడ్ ఉంటుంది. సోల్డర్ బ్రహ్మాండంగా పాకుతుంది, చూసినవాళ్లు మురిసిపోతారు. కానీ మిగిలిపోయిన మడ్డి గాలిలో చెమ్మను లాక్కుని రాగిని తింటూ కూర్చుంటుంది. మా దగ్గరికి ఒకసారి బయట ఎవరో రిపేరు చేసిన బోర్డు తిరిగివచ్చింది. ఒక రిలే కింద ట్రాకులన్నీ పచ్చగా పొంగి ఉన్నాయి, గోటితో గీకితే పొడిగా రాలాయి. ఎలక్ట్రానిక్స్ కోసమని స్పష్టంగా రాసి ఉన్న రోజిన్ ఫ్లక్స్ లేదా నో క్లీన్ (పని అయ్యాక కడగనక్కర్లేని) ఫ్లక్స్ పెన్నో, చిన్న సీసానో ఒకటి కొనుక్కుంటే ఏడాది వస్తుంది. వైరులో ఉన్న ఫ్లక్స్ ఒక్కసారికే పనికొస్తుంది, రెండోసారి వేడి చేసేటప్పుడు అది ఉండదు. జాయింటు సరిచేసేటప్పుడు కొంచెం ఫ్లక్స్ పూసి చూడండి, మొండికేసిన సోల్డర్ దానంతటదే దారికొస్తుంది.

తీయడం కూడా నేర్చుకోవాలి కాబట్టి కరిగిన సోల్డర్ ను లాగేసే ఒక సక్కర్, దాన్ని పీల్చుకునే రాగి అల్లిక పట్టీ, అంటే విక్, రెండు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పుది కావాలి. పాత జాయింటు తీసే ముందు దానికి కాస్త కొత్త సోల్డర్ కలపాలి. పిల్లలకు ఇది వింతగా ఉంటుంది, తీసేయబోయేదానికి మళ్లీ వేయడమేంటని. కొత్త సోల్డర్, అందులోని ఫ్లక్స్ వల్ల వేడి బాగా అంది పాతది పూర్తిగా కరుగుతుంది, అప్పుడు సక్కర్ ఒక్క నొక్కుకే లాగేస్తుంది. విక్ ను టిప్ తో కలిపే పైకి ఎత్తాలి. టిప్ ముందు తీస్తే విక్ అక్కడే అంటుకుపోతుంది, లాగితే ప్యాడ్ తో సహా వస్తుంది.

ప్లగ్గు మూడు పిన్నులది ఉండాలి, టిప్ కు ఎర్త్ కలిసి ఉండాలి. రెండు పిన్నుల ఐరన్ లో ఇన్సులేషన్ చెడితే మెయిన్స్ టిప్ దాకా వస్తుంది. మాస్‌ఫెట్ ల్లాంటి సున్నితమైన భాగాలు పాడయ్యే సంగతి సరే, పట్టుకున్నది పిల్లలు. స్టాండు బరువుగా, స్ప్రింగు గూడుతో ఉండాలి. వైరు తగిలితే పక్కకు ఒరిగే రేకు ముక్క స్టాండు కాదు. కాళ్లు కత్తిరించే కట్టరు చిన్నది, పదునైనది చాలు, అయితే తెగిన ముక్క కంటికి తగిలేంత వేగంతో ఎగురుతుంది, కళ్లద్దాలు లేనివాళ్లు ప్లాస్టిక్ గాగుల్స్ పెట్టుకోవాలి. హాట్ ఎయిర్, మైక్రోస్కోప్, పవర్ సప్లై అంటూ మీరిచ్చిన మిగతా జాబితా రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు.

అసలు నాకు బాధ కలిగించిన మాట 'చెయ్యి తిరిగాక మంచిది కొనండి' అన్నది. మా యూనిట్లో మొదట్లో అదే పద్ధతి. మంచి స్టేషన్లు సీనియర్లకు, వదులైన పిడి, అరిగిన టిప్ ఉన్నవి కొత్తగా వచ్చినవాళ్లకు. వాళ్ల జాయింట్లు బాగాలేవని సూపర్‌వైజర్ అందరి ముందూ బోర్డు పైకెత్తి చూపించేవాడు. పని బాగా చేయాలనే తపన ఉన్న పిల్లలు ఏడ్చి మానేసి వెళ్లడం నేను చూశాను. నేర్పే బాధ్యత నా చేతికి వచ్చాక దాన్ని తిరగేశాను. కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి ఐరన్, కొత్త టిప్ ఇచ్చాను. పాతవి నేనూ, నాతోటి సీనియర్లూ తీసుకున్నాం. చెయ్యి తిరిగినవాళ్లం గనక టిప్ ఎంత కాగిందో పొగ చూసి కనిపెట్టగలం, మొండి ఐరన్ తోనూ పని లాక్కోగలం. కొత్తగా పట్టుకున్న పిల్లకు ఆ విద్య ఎక్కడిది? జాయింటు చెడిపోతే తప్పు తనదో, ఐరన్ దో తేల్చుకోలేదు. తనదే అనుకుంటుంది.

ఖర్చు భరించలేనివాళ్లు ఉంటారని నాకు తెలుసు. నలుగురు పిల్లలు కలిసి ఒక మంచి స్టేషన్ కొనుక్కోవచ్చు, బడిలో ఒకటి ఉంటే ముప్పై మందికి సరిపోతుంది. మంచి కంపెనీ పాత స్టేషన్ కొత్త టిప్ తో కొన్నా నష్టం లేదు. నాలుగు చవక కిట్లకు పెట్టేది ఒకచోట పెట్టాలి, అంతే.

మా పిల్ల మళ్లీ మొదలుపెట్టింది. లేచిపోయిన ట్రాక్ మీద ఆకుపచ్చ పూత బ్లేడుతో మెల్లగా గీకి, రాగి కనిపించాక సన్నని తీగ ముక్క వేసి, సాకెట్ నాలుగో కాలికి కలిపింది. నేను ఆ తీగ ముక్క పట్టుకున్నానంతే. టిప్ ముఖం ప్యాడ్ కూ కాలుకూ కలిపి ఆనించింది, ఒకటి అనుకుంది, సోల్డర్ వైరును టిప్ కు కాకుండా అవతలి వైపు నుంచి కాలికి తగిలించింది. సోల్డర్ కాలు చుట్టూ పాకి, అంచుల్లో పలుచబడి, గుడారం వాలులా కుదురుకుంది. ముందు వైరు తీసింది, తర్వాత ఐరన్ తీసింది. మొత్తం మూడు సెకన్లు. 'అంతేనా అమ్మమ్మా?' అని అడిగింది. 68 కిలో ఓమ్ ల రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ తో మీరిచ్చిన లెక్క ప్రకారమే ఎల్ఈడీ సెకనుకోసారి వెలుగుతోంది.

వచ్చే నెల రెండో భాగం ఇస్తామన్నారు కాబట్టి ఒక విన్నపం. సర్క్యూట్ బొమ్మ పక్కనే ఏ పాళ్ల సోల్డర్, ఎంత మందం, ఏ టిప్, ఎన్ని డిగ్రీలు అన్న నాలుగు వివరాలూ వేయండి. పాళ్లు, ఫ్లక్స్ రకం రాసి లేని సోల్డర్ చుట్ట కొనవద్దని పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి. చవక కిట్ గురించిన ఆ పేరాకు సవరణ కూడా అదే సంచికలో ఇవ్వగలిగితే, ఈసరికే కిట్ కొనుక్కుని చెయ్యి వణుకుతోందని కూర్చున్న పిల్లలకు అది చేరుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సోల్డరింగ్ ఆపరేటర్